ఆ వేలు నాదే, ఆ మాట నాది కాదు

పేరు, చిరునామా పైన రాసుకున్నారు. వయసు అరవై మూడు. చదువు మూడో తరగతి. పని, హోటళ్ల దుప్పట్లు ఉతికే లాండ్రీలో మడతల బల్ల దగ్గర. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే బల్ల. అక్కడ నన్ను అందరూ పెద్దమ్మ అంటారు. ఇది ఎవరూ నేర్పకుండా నేను చెబుతున్న మాట. నెమ్మదిగా చెబుతాను, నెమ్మదిగానే రాయమనండి.

దుప్పటి మడవడానికి ఇద్దరు కావాలి. చెరో కొస పట్టుకుని లాగి, దులిపి, మూలా మూలా కలుపుతూ దగ్గరికి రావాలి. నా జోడీని పొడుగమ్మాయి అంటారు. చేరి రెండేళ్లయింది. మా నెత్తి మీద ఇనప అర ఒకటి ఉంది. మడిచిన కట్టలు దాని మీదికి ఎక్కిస్తారు. కిటికీ వైపు కొసన దాన్ని పట్టుకున్న బోల్టు వదులైంది.

నాకు దిగులు ఎక్కువ. గ్యాసు కట్టేశానా లేదా అని మెట్లు దిగినదాన్ని మళ్లీ ఎక్కుతాను. ఇవాళ ఈ లేబర్ ఆఫీసుకి వచ్చేటప్పుడు కూడా రెండుసార్లు ఎక్కాను. అందుకే బోల్టు సంగతి నేను చెబితే ఎవరూ చెవిన పెట్టలేదు. ఫిబ్రవరి పదో తేదీన సూపర్‌వైజర్‌కి చెప్పాను. పద్దెనిమిదిన చెప్పాను. ఇరవై ఆరున, టీ వేళ, మళ్లీ చెప్పాను. అప్పుడు ఆయన తీగ తెప్పించి నాలుగు చుట్లు చుట్టించాడు. "నీ కంటికి అన్నీ ఊడిపడేలాగే కనిపిస్తాయి పెద్దమ్మా. ఆకాశానికి కూడా తీగ కట్టించమంటావా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అలా నవ్వినందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే.

మార్చి నాలుగు, మంగళవారం. గోడ గడియారంలో పదకొండుకి ఇరవై నిమిషాలు తక్కువ. నేను కిటికీ వైపు ఉన్నాను, పొడుగమ్మాయి అవతలి కొసన ఉంది. తీగ తెగిన చప్పుడు విన్నాను. నీలం గీత ఉన్న కట్ట ఒకటి పక్కకి ఒరగడం చూశాను. అక్కణ్నుంచి ఆసుపత్రి దాకా నాకు గుర్తు లేదు. గుర్తు లేనిది గుర్తు లేదనే రాయండి. ఒక్క ముక్క కూడా కలపొద్దు.

స్కానులో రక్తస్రావం లేదన్నారు. కంకషన్ అన్నారు, దెబ్బకి మెదడు లోపల కుదుపు తిన్నదట. మర్నాడు ఇంటికి పంపారు. ఇంట్లో నేనూ మా చెల్లెలూ ఉంటాం. వెలుతురు చూడలేకపోయాను. తల తిప్పితే గది కూడా తిరిగేది. గ్లాసు అడగబోయి చెంచా అనేదాన్ని. చెల్లెలు నా జుట్టు తుడిస్తే తువ్వాలుకి తుప్పు అంటింది. ఉతకబోతుంటే ఆపాను. ఎందుకాపానో అప్పుడు నాకే తెలియదు. ముప్పై ఒక్క ఏళ్లు ఊళ్లోవాళ్ల మరకలన్నీ ఉతికే చోట పనిచేశాను, ఆ ఒక్కటి ఉతకనివ్వలేదు. తువ్వాలు ఈ సంచిలో ఉంది, తీసుకోండి.

ఏడో తేదీ, శుక్రవారం, సాయంత్రం నాలుగింటికి సూపర్‌వైజర్ మా ఇంటికి వచ్చాడు. కిటికీలు మూసి ఉన్నాయి. నా కళ్ల మీద తడిగుడ్డ ఉంది. సెలవు కాగితం, వేలు వేస్తే చాలు అన్నాడు. పాపం చెల్లెలు నమ్మి నా చెయ్యి ఎత్తి పట్టుకుంది. సిరా పెట్టె ఆయనే తెచ్చుకున్నాడు. చదివి వినిపించలేదు.

పద్దెనిమిదో తేదీ నుంచి ఫిజియోథెరపీకి వెళ్లాను. అక్కడ చేయించే అమ్మాయిది నా మనవరాలి వయసు. మొదట మెడకి చేయించింది. తర్వాత గోడ పక్కన, ఒక కాలి మడమకి రెండో కాలి వేళ్లు ఆనించుకుంటూ గీత మీద నడక. తర్వాత చూపు. చెయ్యి చాచి బొటనవేలు నిలబెట్టి, గోరు మీద చూపు ఆనించి, తల కుడికీ ఎడమకీ తిప్పాలి. గోరు చెదరకూడదు. మొదటిరోజు ఆరుసార్లు తిప్పేసరికి వాంతి అయింది. లోపల ఏదో తెగిపోయింది, మీరంతా దాస్తున్నారు అని ఏడ్చాను. దాచేదేమీ లేదు, తల తిరిగినప్పుడు ఆగుదాం, తగ్గాక మళ్లీ మొదలుపెడదాం అంది. మొండిది. నేనూ మొండిదాన్నే.

ఇంటి దగ్గర రోజుకి ఐదుసార్లు అదే పని. చెల్లెలు గడియారం పట్టుకుని కూర్చునేది. తల దెబ్బ తిన్నా దిగులుకి మాత్రం చిన్న గీత కూడా పడలేదక్కా అని ఎత్తిపొడిచేది. నేను వేలిని చూస్తూనే ఉన్నాను. చూడగా చూడగా ఆ వేలి మీదే నాకు అనుమానం వచ్చింది.

"ఏంటి బామ్మగారూ, దాన్ని కొట్టేలా చూస్తున్నారు?" అని ఒకరోజు ఫిజియో అమ్మాయి అడిగింది.

"నాకు చెప్పకుండా ఏదో కాగితం మీదికి వెళ్లొచ్చిందమ్మా ఇది" అన్నాను.

ఆరో వారంలో నా పని చేసి చూపించమంది. ఆసుపత్రి దుప్పటి తెచ్చి అవతలి కొస తనే పట్టుకుంది. పైకి చూడటం, దులపడం, మూడడుగులు ముందుకి, మూడడుగులు వెనక్కి. ఆమెకి మూలలు కలిసేవి కావు. మా దగ్గరైతే నిన్ను ఒక్క పూటకే పంపేస్తారు అన్నాను. అందుకే ఇక్కడ చేరాను అంది. ఎనిమిదో వారానికి నలభై దుప్పట్లు తల తిరగకుండా మడిచాను. పనికి వెళ్లొచ్చని చీటీ ఇచ్చారు.

నిన్న, మే పంతొమ్మిది, సోమవారం, ఉదయం ఎనిమిదిన్నరకి పనికి వెళ్లాను. ఆ అర అక్కడే ఉంది. ఈసారి తీగ ఎనిమిది చుట్లు. దాని కింద, నా చోట్లో, పొడుగమ్మాయి ఉంది. నన్ను చూసింది. పైకి చూసింది. మళ్లీ దుప్పటి దులిపింది. సూపర్‌వైజర్ నన్ను గుమ్మంలోనే ఆపి కాగితం చూపించాడు. తల తిరిగే మనిషినని నేనే ఒప్పుకున్నానట, పని ఇవ్వడట. కూడబలుక్కుంటూ చదివాను. రక్తపోటు వల్ల కళ్లు తిరిగి నాకు నేనే బల్ల అంచు మీద పడ్డానని, ఎవరి తప్పూ లేదని ఉంది. కింద వేలిముద్ర. అక్షరాలు కదల్లేదు. అన్నీ నిలబడే ఉన్నాయి, నేనూ నిలబడే చదివాను.

మా బల్ల చెక్కది, తువ్వాలుకి అంటిన తుప్పు దానిది కాదు. హాజరు పుస్తకం తెప్పించండి. ముప్పై ఒక్క ఏళ్లు, పొద్దునా సాయంత్రమూ సంతకమే పెట్టాను. వంకరగా ఉంటుంది, అయినా సంతకమే. నా వేలిముద్ర ఒక్కటంటే ఒక్కటి దొరకదు. సంతకం వచ్చిన మనిషి చేత వేలు ఎందుకు వేయించాడో ఆయన్నే అడగండి. ఆ వేలు నాదే, కాదనను. ఆ మాట నాది కాదు.

తల దెబ్బ తిన్న మనిషి మాట నమ్మేదెలా అని తమరు అడిగారు. నేను లేచి, కుర్చీ పట్టుకోకుండా, ఇరవై లెక్కపెట్టేదాకా ఒంటికాలి మీద నిలబడ్డాను. తమరూ నిలబడి చూడండి అన్నాను. రాసే అతను నవ్వు ఆపుకున్నాడు. అదీ రాయమనండి. నేను భయపడిన వాటిలో వంద ఉత్తవే అయి ఉండొచ్చు. ఇది ఉత్తది కాలేదు.

పొడుగమ్మాయి ఏమీ చూడలేదని చెప్పిందట. ఆ పిల్లని తప్పు పట్టను. ముందు ఆ అర కిందికి దింపించండి, తర్వాత ఆమెని అడగండి. అది నెత్తి మీద వేలాడుతుంటే ఎవరికైనా నోరెలా పెగులుతుంది? ఇవాళే దింపించండి. దించారో లేదో రేపు పొద్దున వచ్చి అడుగుతాను. ఎల్లుండి కూడా వస్తాను.

ఇదంతా నాకు రెండుసార్లు చదివి వినిపించారు. రెండోసారి చదవమన్నది నేనే. మూడోసారి నా కళ్లతో నేనే చదువుకున్నాను, నలభై నిమిషాలు పట్టింది. నేను చెప్పిందే ఉంది, చెప్పింది నిజం. వేలిముద్రకి వదిలిన చోట అడ్డగీత కొట్టించి, పక్కన నా చేత్తో పెడుతున్నాను.

(సంతకం)
మే ఇరవై, మంగళవారం, మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలు