రత్తాలు కారుకి దినమూ, బారసాలా

పేరయ్యని ఎరుగుదురు గదా, పొగాకు బ్యారన్ పేరయ్య. ఎరగనోళ్ళు ఇనండి. ఆయనకో తెల్ల అంబాసిడరు ఉండేది. దానికి పేరు కూడా పెట్టుకున్నాడు, రత్తాలు అని. పెళ్ళాం పేరేమో అంకమ్మ. ఆమెని పిలవబోయినా ముందు రత్తాలే నోటికొచ్చేదంట, పాపం ఆమె ఆ పేరుకీ పలికేది, ఏం చేస్తది. ముప్పై ఏళ్ళు తోలాడనుకో ఆ కారుని. ఊళ్ళో పురుళ్ళకీ, పాము కాట్లకీ, పెళ్ళిళ్ళకీ అదే. పొదిల్లో మెకానిక్కు మీరావలి లేడూ, ఆడు పుట్టింది కూడా ఆ కారు ఎనక సీట్లోనే. వాళ్ళమ్మని ఆస్పత్రికి తీసకపోతా ఉంటే దారిలోనే కేరుమన్నాడు. ఇప్పుడు ఏమైందంటే, రత్తాలు కదలటం మానేసింది. పొగాకు కాల్చే బ్యారన్ కొట్టం పక్కన పడుండి తుప్పు పట్టింది, లోపల కోళ్ళు గుడ్లు పెడతన్నయ్యి. పేరయ్య పొద్దున్నే పోయి దాని పక్కన కూచోని కాఫీ తాగొచ్చేవోడంట. "పోయేలోపు ఒక్కసారి దాన్ని తోలితే చాలురా" అని కనపడ్డోడికల్లా చెప్పేవోడు. అది ఇని మీరావలికి మనసాగలా. "తాతా, నేను పుట్టిన చోటు అది. రెండు నెలలియ్యి, పెళ్ళికూతుర్ని చేసి తెస్తా" అని ట్రాక్టరుకి కట్టి లాక్కపోయాడు.

రెండు నెలలంటే రెండు నెలలు ఆగాలా వద్దా, మీరే చెప్పండి. ఆగడే! నెలన్నరకే బస్సెక్కి పొదిలి పోయాడు. పోయేసరికి మీరావలి లేడు, సామాన్ల కోసం మద్రాసు పోయాడు. షెడ్డులో రత్తాలు ఉంది, కానీ ఎట్టా ఉంది? ఇంజిను ఓ మూల, డోర్లు గోడకి, సీట్లు వాకిట్లో. చక్రాలు కూడా లేవు, ఉత్త డొక్క నాలుగు రాళ్ళ మీద ఉంది. అయిపోయింది, ఇంక ఇది బతకదు అనుకున్నాడు పేరయ్య. ఎవుర్నీ అడగలా, పెట్టలా. ఇంటికొచ్చి వాకిట్లోనే నించోని నెత్తిన బిందెడు నీళ్ళు పోసుకున్నాడంట. అంకమ్మ పరిగెత్తుకొచ్చి, ఎవురు పోయారయ్యా అంటే, "రత్తాలు పోయిందే" అని గొల్లుమన్నాడు. ఏందీ గోల అందామనుకుందంట ఆమె, అనలేకపోయింది. కాపురానికొచ్చినాక ఆయన ఏడవటం అదే చూట్టం.

పదకొండో రోజు దినం పెట్టాడు. అవును, కారుకే! ఊరంతా భోజనాలు. శంకరం పంతులు ముందు "కారుకి కర్మేందయ్యా" అన్నాడంట గానీ, ఆయన పెళ్ళి ఊరేగింపు కూడా ఆ కారులోనే జరిగె, కాదనలేకపోయాడు. పిండం పెట్టారు. కాకి వచ్చింది. కాకికేం తెలుసు, గారె కనపడింది, తినిపోయింది. "తృప్తిపడిందిరా నా రత్తాలు" అని పేరయ్య కళ్ళు తుడుచుకున్నాడు. సరిగ్గా అప్పుడు, పంక్తిలో సాంబారు పోస్తా ఉంటే, వీధి చివర హారను! చూస్తే రత్తాలు. పాలల్లో ముంచి తీసినట్టు మెరిసిపోతా వస్తంది. ఆడోళ్ళు కెవ్వుమన్నారు. సాంబారు పోసేవోడు బకెట్టు వదిలేసి గోడ దూకాడు. మీరావలి పళ్ళన్నీ బయటపెట్టి దిగాడంట. మద్రాసు నుంచి వచ్చినకాడి నుంచీ తిండి మాని బిగించాడు గదా, మెచ్చుకుంటారనుకున్నాడు. దిగి, ఇస్తరాకులు చూసి, "ఎవురు పోయారు తాతా?" అన్నాడు. "నువ్వు తోలుకొచ్చిందేరా!" అన్నాడు పేరయ్య.

అని, లేచి పరిగెత్తాడు. బానెట్టు తడిమాడు, ముద్దు పెట్టుకున్నాడు, డోరు తీసి కాలు లోపల పెట్టబోతన్నాడు, "ఆగు పేరయ్యా!" అని పంతులు అరిచాడు. దినం అయిపోయింది, కాకి ముట్టింది, శాస్త్రప్రకారం అది చచ్చిపోయింది, చచ్చినదాన్ని ఎక్కి తిరుగుతావా, కీడు గదా అన్నాడంట. పేరయ్య అక్కడే మట్టిలో కూలబడ్డాడు. "నా చేతులారా నేనే పిండం పెట్టుకుంటినే" అని ఒకటే ఏడుపు. మీరావలికి తిక్కరేగింది. "నా చేతి ఏళ్ళు చూడండి పంతులుగారూ, తోలూడిపోయింది! బతికున్నదానికి పిండం పెట్టింది మీరు. నేనేం చేశా?" పంతులు గడ్డం గోక్కున్నాడు, గోక్కుని, ఒక దారి ఉందన్నాడు. తప్పిపోయినోడికి కర్మ చేసేశాక ఆడు తిరిగొస్తే ఏం చేస్తారు? అప్పుడే పుట్టినట్టు లెక్కేసి పురుడు, బారసాల, అన్నప్రాసన అన్నీ మళ్ళీ చేస్తారు. మనిషికి ఉన్నది కారుకి ఎందుకు లేదు?

ఇంకేముంది! దినం పంక్తే బారసాల పంక్తి అయింది. "గారెలు ఉండనే ఉన్నయ్యి, పాయసం ఒక్కటి కాయండే" అన్నది అంకమ్మ. పురుడు పోసింది నువ్వేగా అని మీరావలికి మంత్రసాని చీర పెట్టింది. ఆడు సిగ్గుపడతా తీసుకున్నాడు. ఉయ్యాల ఎట్టా? నలుగురు మగోళ్ళు ముందు ఇద్దరు, ఎనక ఇద్దరు పట్టి ఊపారు. చెవిలో మూడుసార్లు పేరు చెప్పాలి గదా, చెవేది? పక్కనుండే అద్దం దగ్గర నోరు పెట్టి చెప్పాడు పేరయ్య. ఉగ్గుగిన్నెతో పెట్రోలు పోశారు. పెళ్ళి కూడా చెయ్యాలేమో అన్నాడు పంతులు. "ఆ ఒక్కటీ వద్దు, ఇన్నాళ్ళూ నాకు సవితే గదా" అన్నదంట అంకమ్మ.

అన్నీ అయినాక పేరయ్య ఎక్కాడు. ఎక్కటానికే మోకాళ్ళు పట్టుకుపోయి ఇద్దరు చెయ్యేశారు. కూచోని, రొప్పు తగ్గినాక పంతుల్ని పిలిచి అడిగాడు. "పంతులూ, నాకు కూడా బతికుండగానే దినం పెట్టేసి, మళ్ళీ బారసాల చెయ్యకూడదా?" మీరావలి డోరు మూస్తా, "చెయ్యొచ్చు తాతా, నీకు పార్టులే దొరకవు" అన్నాడు. జనం గొల్లుమని నవ్వారంట. అంకమ్మ నవ్వలా. అవతల డోరు తీసుకుని పక్క సీట్లో కూచోని, కొంగు సర్దుకుని, "ఉన్న పార్టులతోనే పోనీవయ్యా" అన్నది.

పోనిచ్చాడు. అదీ సంగతి. మీరూ బండి రిపేరుకిస్తే మధ్యలో పోయి తొంగి చూడబాకండి. చూశారే అనుకో, కాస్త ఎవుర్నన్నా అడిగి ఏడవండి.