ఇద్దరికీ ఒకటే విజిల్

ఆదివారం మధ్యాహ్నం, బడి వెనక ఆటస్థలం. డ్రిల్లు మాస్టారు, ఆయన వదినగారు, ఆవిడ పెంచుకుంటున్న రెండు కుక్కలు. టైలరింగ్ చేసుకునే ఆ వదినగారి కుడి మణికట్టుకి కట్టు ఉంది గానీ నోటికి లేదు.

"మళ్లీ ఊదు."

"ఊదితే రెండూ వస్తాయి వదినా. రెండూ వస్తే మనకేం తెలుస్తుంది?"

"వస్తున్నాయిగా! ఇంకేం కావాలి నీకు? మూడున్నరైంది. ఐదింటికి వ్యాన్ వస్తుంది. ఐదింటికి! బుడంకాయ పిలిస్తే వస్తుందని ఈలోపు తేలకపోతే అది ఆ వ్యానెక్కి పోతుంది."

"అదే చెప్తున్నా. దొరసాని ముందొస్తుంది, దాని వెనకాల బుడంకాయ వస్తుంది. ముసల్దానికి విజిల్ తెలుసు, చిన్నదానికి ముసల్దాని తోక తెలుసు. అంతే."

"మరి నేర్పింది ఎవరో?"

"నేనే."

"ఎలా నేర్పావు?"

"ఇప్పుడవన్నీ ఎందుకు వదినా..."

"చెప్పవయ్యా. మాస్టారుగారి పాఠం వినాలనుంది."

"ఒకటే విజిల్. ఇద్దరికీ ఒకటే. బళ్లో పిల్లల్ని నిలబెట్టినట్టు రెండిటినీ వరసలో నిలబెట్టి, దూరం వెళ్లి ఊదేవాణ్ణి. ఎవరు ముందొచ్చినా ఇద్దరికీ చెరో చికెన్ ముక్క."

"నలభై మంది పిల్లలకి సరిపోయింది కదా అని కుక్కలకీ అదే పెట్టావు."

"తప్పే. ఒక్కోదానికి విడిగా నేర్పి, అప్పుడు కలపాలి. ఎవరి పిలుపు వాళ్లకుండాలి. ఒప్పుకున్నాను. తిట్టండి, తిట్లు తింటూనే పని చేస్తా. ముందు దొరసానిని ఆ గోల్ పోస్టుకి కట్టండి."

"కట్టాను. ఎడం చేతి ముడి. ఊడితే నన్ననకు."

"ఇప్పుడు చిన్నదాన్ని వదలండి. బుడంకాయా! రా! రా, రా, రా... వస్తోంది, చూశారా, వస్తోం... ఏయ్!"

"వెనక్కి పోయింది."

"సగం దాకా వచ్చింది."

"సగం దాకా వస్తే ఏం లాభం? లారీ ఉండేది ఆ సగంలోనేగా!"

"మళ్లీ పిలుస్తా. బుడంకాయా! చికెన్, చికెన్! ఇదిగో... అరె! మళ్లీ అక్కడిదాకా వచ్చి మళ్లీ దొరసాని దగ్గరికే. ఏం చేస్తోందది?"

"దాని మొహానికి మొహం పెట్టి గుద్దుతోంది. మెడపట్టీ పట్టుకుని లాగుతోంది. ఆటలు! ప్రాణం మీదికొస్తే దీనికి ఆటలు."

"కంగారు పడకండి."

"నేను పడట్లేదు. నువ్వే పడుతున్నావు. టైమెంత?"

"నాలుగుంపావు. వదినా, అన్నయ్యని ఇంకో వారం ఆగమనచ్చుగా? అంత మొండివాడేం కాదే."

"మీ అన్నయ్య సంగతి వదిలెయ్. పిలువు."

"నేను ఫోన్ చేసి మాట్లాడనా?"

"వద్దన్నానా! ఫోన్ జేబులో పెట్టు. పిలువు."

"సరే, సరే. మీ చేతికి దెబ్బ తగిలిన రోజు ఏమైందో ఒక్కసారి సరిగ్గా చెప్పండి."

"ఎన్నిసార్లు చెప్పాలి? పార్కులో రెండిటినీ వదిలాను. దొరసాని దాని మానాన అది గేటు వైపు నడుస్తోంది. విజిల్ ఊదాను. బుడంకాయ గిరుక్కున తిరిగింది. నన్ను చూసింది మాస్టారూ, నా కళ్లల్లోకి చూసింది! చూసి కూడా అటే పరిగెత్తింది, రోడ్డు మీదకి. దాన్ని తప్పించబోయి సైకిలాయన పడ్డాడు. నేను పరిగెత్తి ఆయన మీద పడ్డాను. దొరసాని మాత్రం అప్పటికే రోడ్డు దాటి, అవతల పెద్దమనిషిలా నిలబడి చూస్తోంది."

"అన్నయ్య అక్కడే ఉన్నాడా?"

"లేరు."

"మరి చూడకుండానే దాన్ని పంపించెయ్యమన్నాడా?"

"టైమవుతోంది. పిలువు."

"వదినా?"

"మీ అన్నయ్య పంపొద్దనే అన్నారు. వారం నుంచి నాతో ముభావంగా ఉంటున్నారు. వ్యానతన్ని రమ్మన్నది నేను."

"మీరా! మీరే రమ్మని, మళ్లీ నన్నిలా ఎండలో..."

"నేనే. భయమేసిందయ్యా. ఆ సైకిలాయన లేచి కూర్చునేదాకా నాకు ఊపిరాడలేదు. రోజూ రెండిటినీ తిప్పేది నేను. మాట వినని దాన్ని ఒంటి చేత్తో ఎలా తిప్పను? ఎవరిదో తోట ఉందట, కాపలాకి కావాలట, సరేనన్నాను. తీరా ఇవాళ దాని గిన్నె కడిగి సంచిలో పెట్టబోతే చెయ్యి రాలేదు. అందుకే నీకు ఫోన్ చేశాను. చాలా? పిలువు."

"ఇలా కాదు. దొరసానిని విప్పి, ఆ ఆటసామాన్ల గది వెనక్కి తీసుకుపోండి. చిన్నదానికి అది కనపడకూడదు."

"కనపడకపోతే ఏడుస్తుంది."

"ఏడవనివ్వండి. వెళ్లారా?"

"వెళ్లాను! కనపడుతున్నామా?"

"లేదు. ఊదుతున్నా!... వదినా! వదినా!"

"ఏమైంది? పారిపోయిందా?"

"వచ్చింది! ఒక్క విజిల్‌కే! బాణంలా వచ్చి నా కాళ్ల మీద పడింది!"

"నిజం చెప్పు."

"ఒట్టు. ఉండండి, ఇంకా దూరం వెళ్తా... మళ్లీ వచ్చింది! చికెన్ చూపించకుండానే!"

"మరి ఇందాకంతా ఏం రోగం దానికి?"

"అదే అర్థం కావట్లేదు. దొరసాని కనపడకపోతే నేరుగా వస్తోంది. కనపడితే సగంలో దాని దగ్గరికి పోతోంది. అవునూ, ముసల్దాన్ని గట్టిగా పట్టుకున్నారా? విజిల్ విని గింజుకుంటూ ఉంటుంది."

"లేదే. తాడు వదులుగానే ఉంది. అటు తిరిగి గడ్డి వాసన చూసుకుంటోంది."

"రెండుసార్లు ఊదాను వదినా."

"విన్నాను."

"మీరు విన్నారు. అది?"

"మళ్లీ ఊదు."

"ఊదాను."

"చెవి కూడా కదపలేదు."

"దాని వెనక నిలబడి చప్పట్లు కొట్టండి."

"ఒక చేత్తో చప్పట్లేంటయ్యా!"

"ఏదో ఒక చప్పుడు చెయ్యండి, గట్టిగా!"

"ఈ గదికి రేకు తలుపుంది. కొడుతున్నా."

"అబ్బా! ఇక్కడ నా చెవులు పగిలాయి."

"ఇది తల కూడా ఎత్తలేదు. మాస్టారూ... ఇప్పుడు ముందుకొచ్చాను. నన్ను చూసి తోక ఊపుతోంది. చూశాకే ఊపుతోంది."

"ఎన్నాళ్ల నుంచి ఇలా?"

"ఏమో! విజిల్ ఊదితే ప్రతిసారీ వచ్చేదిగా! అందరికంటే ముందు వచ్చేదిగా!"

"దొరసానివి పొడుగు కాళ్లు వదినా. చిన్నది ముందు తిరిగేది. అది తిరగడం చూసి ఇది తిరిగేది. పరుగులో దాన్ని దాటేసి మన దగ్గరికి ముందొచ్చేది. ముందొచ్చింది కదా అని మనం దీని తలే నిమిరాం."

"ఇందాక పట్టీ పట్టుకుని లాగింది..."

"రమ్మని లాగింది. ఆటలు కాదు."

"అయితే ఆ రోజు..."

"ఆ రోజు దొరసాని గేటు దాటుతోంది, మీరు ఊదారు. చిన్నది మీ వైపు తిరిగింది, మిమ్మల్ని చూసింది, ముసల్ది రావట్లేదని..."

"ఇంక చెప్పకు."

"వదినా, కూర్చోండి. కాసిని నీళ్లు తాగండి."

"చెప్పకన్నానా! దాన్నిలా రానివ్వు. ఇలా రావే బుడంకాయా, ఇలా రా. ఎంత మాటన్నానే నిన్ను..."

"మీ ఫోన్ మోగుతోంది. వ్యానతనే, ముందుగా వచ్చేసినట్టున్నాడు. ఏం చెప్పను?"

"ఇలా తే, నేను మాట్లాడతాను. హలో... అవునండీ, రమ్మన్నది నేనే. పెట్రోలు ఖర్చు ఇస్తాను, వెళ్లిపోండి. మొన్న మీకు తప్పు చెప్పానండీ. పిలిస్తే రాకుండా పారిపోయిందని చెప్పానే, అది పారిపోలేదు. చెవిటి ముసల్ది రోడ్డు మీదకి పోతుంటే వెనక్కి తీసుకురావడానికి వెళ్లింది."