మేనరికపు రక్తం

ఆ ఉదయం తాండూరు మీద మబ్బు విడిచి ఎండ కాసింది. ఆసుపత్రి మెట్ల మీద భార్య ఎదురుచూస్తోంది. భర్త బయటికి వచ్చాడు.

“ఏమన్నడు బావా డాక్టరు?”

“సుగర్ దిగిందట. గోలీలు బంద్ పెట్టమన్నడు.”

“మరి కువైట్ల నువ్వు పనిజేసిన అరబ్బు సేటు, ఇది రక్తంల ఉంటది, ఏం జేసినా పోదన్నడంటివి?”

“వాళ్లింట్ల అందరు చిన్నాయిన బిడ్డలనే చేసుకుంటరు, అందరికి సుగరే. నువ్వేమో నా మేనమామ బిడ్డవు. మా అమ్మకుండె, మీ నాయినకుండె. ఇగ నాకు తప్పదనుకున్న.”

“అనుకోని పండుకుంటివి! నేను అన్నం కుండ దాసిపెట్టి, పొద్దుగాల్నే నిన్ను కందిచేను చుట్టు తిప్పితే రాక్షసి అంటివి.”

“రాక్షసివే. గెలిసినవ్ పో.”

“సేటుకు ఫోన్ జెయ్యి. తాండూరుకొస్తే ఆయన్ను గూడ తిప్పుత.”

ఇద్దరూ నవ్వారు. ఆమె సద్ది విప్పింది. జొన్నరొట్టె, పుంటికూర తిన్నారు.