పెదవుల మీది లెక్క

ఎంపికైనవాళ్ళలో తాను లేనని తెలిశాక, ఆ అమ్మాయి డాన్సు ట్రూపు ఆఫీసు బయట పై మెట్టు మీద కూర్చుని కాళ్ళకు చుట్టుకున్న గుడ్డ పట్టీలు విప్పుతోంది. ఏడేళ్ళుగా ఆమెకు డాన్సు నేర్పిన పిన్ని పక్కనే నిలబడింది.

“ఏమన్నారే?”

“స్టెప్పులు బాగున్నాయన్నారు.”

“మరింకేం రోగం?”

“ఈ అమ్మాయి చూపు మాటిమాటికీ ఆ మూల కుర్చీ వైపు ఎందుకు పోతోందని అడిగారు.”

“మూల కుర్చీలో నేనేగా! నువ్వెక్కడ తడబడతావోనని లెక్క అందించాను. నోరు విప్పి ఒక్క మాటన్నానా? పెదాలేగా కదిపింది!”

“మొదట్నుంచీ అంతేగా పిన్నీ. నువ్వు అద్దం పక్కన నిలబడి లెక్కపెట్టడం, నేను నీ పెదాలు చూసి అడుగెయ్యడం.”

“అయితే తప్పంతా నాదేనా? నిన్ను ఆ గదిలోకి పంపడానికి ఎంతమంది కాళ్ళావేళ్ళా పడ్డానో తెలుసా?”

“తెలుసు. అందుకే ఇన్నాళ్ళూ నోరెత్తలేదు.”

“సరేలే. వచ్చేవారం ఇంకో ట్రూపు వాళ్ళు చూస్తారట. ఈసారి వెనక వరసలో కూర్చుంటాను.”

“నువ్వు రావద్దు.”

“నేను లేకపోతే మధ్యలో ఆగిపోతావే!”

“ఆగిపోతే ఆగిపోతాను. నాకసలు డాన్సు వచ్చో రాదో అప్పుడైనా తెలుస్తుంది.”

పట్టీలు సంచిలో కుక్కుకుని, అమ్మాయి వెనక్కి తిరిగి చూడకుండా మెట్లు దిగింది. పిన్ని అలాగే చూస్తూ నిలబడిపోయింది. అమ్మాయి ఎనిమిదో మెట్టు దిగాక గానీ, తన పెదాలు కదులుతున్నాయని ఆవిడకు తెలియలేదు.