నిజంగా వచ్చిన కల

సిరిసిల్లలో కరెంటు పోయి మరమగ్గాల సాంచలన్నీ ఆగిన మధ్యాహ్నం. కార్ఖానా నడుపుతున్న తల్లీ, సెలవులకు వచ్చిన కూతురూ దండ వేసిన ఫొటో కింద కూర్చున్నారు.

“అమ్మా, ఇగ చీరలు బంద్ జేసి టవాళ్లు నేయాలెనని నాయిన కలలకచ్చి చెప్పిండన్నవట?”

“అన్న బిడ్డా. నా మాటగ చెప్తే పనోళ్లు ‘ఆడిదానికి ఏమెర్క’ అన్నరు. ఆయన మాటంటే ఒక్కడు నోరు మెదపలే.”

“నాయిన సచ్చిపోయి ఏడాదాయె!”

“అయినా గాళ్లకు ఆయనే సేటు.”

“దుబాయిల నాయిన మీద ఆడ మేనేజరే ఉండె గదా. ఆమెకు ఎన్నడన్న ఎదురు చెప్పిండా?”

“ఎక్కడిది! ‘యెస్ మేడం’ అనుకుంటనే అన్నేండ్లు చేసిండు. ఇంటికచ్చి సాంచలు పెట్టినంక మాత్రం నన్ను గీ కార్ఖానా గడప తొక్కనియ్యలే.”

“మరి కలలకు అస్సలే రాడా?”

తల్లి ఫొటో వైపు చూడలేదు.

“ఒక్కసారి అచ్చిండు. గా తలుపుకాడ చేతులు కట్టుకొని నిలవడ్డడు. ‘ఇయ్యాల ఏం పని మేడం’ అని నన్నే అడిగిండు.”

“గది వాళ్లకు చెప్పినవా?”

“గదొక్కటే నిజమైన కల బిడ్డా. చెప్తే ఎవలు నమ్ముతరు?”