దెబ్బ తూచే చేతులు

నవ్వకురా! ఒళ్ళు మండిపోతోంది నాకిక్కడ. మామయ్యకి వయసైపోయింది, పిరికితనం పట్టుకుంది, అందుకే తీరా సమయానికి రింగులోకి దిగొద్దంటున్నాడు... అంతేగా నీ మనసులో ఉన్నది?

కూర్చో. ఆ గ్లవ్స్ పక్కన పెట్టు. పిలవడానికి ఇంకా ఐదు నిమిషాలుంది.

ముప్పై ఏళ్ళుగా ఈ చేతులకి ప్యాడ్లు తొడుక్కుని ఎంతమంది గుద్దులు కాచానో లెక్కుందా? ఒక్కటి పడితే చాలు, అది మనిషిని పడగొట్టే గుద్దో, ఉత్త చప్పుడో చెప్పేసేవాణ్ణి. జిమ్ములో ఆ దెబ్బ కొలిచే మిషను కొన్నాక కూడా ఏం చేసేవాళ్ళు? అందులో అంకె చూసి, మళ్ళీ నా మొహం చూసేవాళ్ళు. అవునా కాదా? చప్పుడు ఎవడైనా చేస్తాడురా. నిజంగా పడగొట్టేవాడి దెబ్బ అరచేతిలో ఆగదు, భుజం దాకా వచ్చి అక్కడ కూర్చుంటుంది. రాత్రి పక్క మీద ఒత్తిగిలితే అప్పుడు తెలుస్తుంది వాడెవడో.

అందుకేగా ఈ మ్యాచ్ ఒప్పుకునే ముందు, అవతలివాడి దెబ్బ తూచి రమ్మని నన్ను పంపావు! వాళ్ళ కోచ్ నా పాత స్నేహితుడు, ఓసారి మావాడికి ప్యాడ్లు పట్టరా అన్నాడు. మూడు రౌండ్లు పట్టాను. వచ్చి ఏం చెప్పాను నీకు? "దూదిరా వాడి దెబ్బ. దగ్గరికెళ్ళిపో, రెండు తిని ఒకటివ్వు" అన్నాను. ఆ మాట పట్టుకుని నెల రోజులు అలాగే సాధన చేశావు, గడ్డానికి చెయ్యి అడ్డం పెట్టకుండా!

పోయినేడాది రింగులో పడిపోయినప్పుడు పది నిమిషాలు కళ్ళు తెరవలేదు నువ్వు. తలకి మళ్ళీ అలాంటిది తగిలితే మనిషి దక్కడని డాక్టరు మీ అమ్మ మొహం మీదే చెప్పాడు. పిచ్చిది, అందుకేగా నన్నడిగింది, "అన్నయ్యా, ఈ అబ్బాయి చేతిలో అంత బలముందా?" అని.

లేదన్నాను.

అటు చూడకు, ఇటు చూడు. వాడికి ప్యాడ్లు పట్టిన మూడో రోజుకి నా మణికట్టు వాచింది, గుర్తుందా? బెణికిందని చెప్పి పట్టీ కట్టుకుని తిరిగాను. బెణకలేదురా. ఎక్స్‌రే తీస్తే ఎముక చిట్లి ఉంది. "నొప్పి తెలీలేదా?" అని డాక్టరు ఆశ్చర్యపోయాడు. నరాలు చచ్చిపోయాయట, రెండు చేతుల్లోనూ, భుజాల దాకా. వాడి గుద్దు దూది కాదు నాయనా, నా చేతులే చచ్చిపోయాయి.

ఎందుకు దాచావంటావా? దాచక ఏం చెయ్యను! ఈ చేతులు పోయాయంటే ఆ జిమ్ములో నా మొహం ఎవడు చూస్తాడు? సిగ్గేసిందిరా. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ మూడు వారాలు లాగాను. ఇందాక మీ అమ్మ ఫోన్ చేసి మళ్ళీ అదే అడిగింది. మళ్ళీ అదే చెప్పాను! థూ, నా బతుకు.

ఏంటీ? కట్టుకథా? నిన్ను ఆపడానికి అల్లానా?

సరే. ఇదిగో, కళ్ళు మూసుకున్నాను. ఇదిగో అరచెయ్యి. గోరు దింపు. మొహమాటపడకుండా గట్టిగా దింపు. నేను అబ్బా అంటే అబద్ధమాడినట్టే, లేచి వెళ్ళిపో రింగులోకి.

ఊఁ... కానియ్.

తలుపు కొడుతున్నారు, కానియ్యరా త్వరగా. ఏం, ఇన్నేళ్ళు నీ గుద్దులు కాచిన చేతికి ఓ గోరు లెక్కా?

దింపవేంరా?

ఎందుకురా ముక్కు ఎగబీలుస్తున్నావు? ఒరేయ్... ఎప్పుడో దింపేశావా?