బళ్ళారికి పోయినోళ్ళు

1966వ సంవత్సరం, బెళుగుప్ప దాపున ఒక ఎండు పల్లె. గ్రామ మునసబు ఓబులేసు రెడ్డి తన బతుకులో మొదటిసారిగా కూలిమనిషి నల్లమ్మ గుడిసె ముందుకు వచ్చి నిలబడ్డాడు. వెనక తలారి తిప్పయ్య. నల్లమ్మ లేవలేదు, కూర్చోమనీ అనలేదు.

"అదేందో రవ్వంత గట్టిగా చెప్పు రెడ్డీ. నాకు చెవులు సరిగ్గా వినపడవు."

"చెప్పినా గదమ్మే. నాగన్నను బయటికి తియ్యల్ల."

"యా నాగన్నను?"

"యా నాగన్న ఏంది? నీ మొగుడు నాగన్నను."

"నా మొగుడు బళ్ళారిలో ఉండాడు గదా."

"నల్లమ్మా..."

"నేను పుట్టించిన మాట కాదు సామీ ఇది. నువ్వు చెప్పిందే. ఆ పొద్దు అనంతపురం నుంచి విచారణ దొర వచ్చి బడి కాడ కుర్చీ ఏసుకోని కూచుంటే, ఎదురుగ్గా నిలబడి చెప్పినావు. కాల్పుల్లో చచ్చింది గురప్ప ఒక్కడే, కడమ ఆరు మందీ బళ్ళారి దావ పట్టి పరిగెత్తినారు, నా కండ్లతో చూసినా అని. నేను గోడ మూల నిలబడుకోని విన్యా."

"పదమూడేండ్ల నాటి ముచ్చట. ఇప్పుడెందుకు దాన్ని తవ్వేది?"

"తవ్వల్లని వచ్చింది నువ్వు. నేను కాదు."

"వాన కోసరం వచ్చినానమ్మే. మూడేండ్లాయ, మన పొలిమేరలో చినుకు లేదు. బావిలో బొక్కెన దించితే రాళ్ళ శబ్దం వస్తాది. ఎద్దుల్ని కసాయోళ్ళకు తోలినా. ఓబులేసు ఎద్దుల్ని కసాయోళ్ళకు తోలినాడు అంటే నవ్వుతాండారు జనం."

"నవ్వేదానికి గూడా ఓపిక ఉండల్ల రెడ్డీ. మేము ఆ సర్కారు ఎర్రజొన్నల గంజి తాగి సర్కారు కరువుపనిలో చెరువుకట్ట మీద మట్టి మోస్తాండాము. నీ ఎద్దుల గురించి నవ్వే తీరిక యాడిది?"

"ఎకసెక్కం వద్దు. బెళుగుప్ప జాతరలో దేవర పలికింది. తొన్ను మనిషిని, ఒంటి మీద తెల్లమచ్చలు ఉన్నోన్ని, మీ మన్నులో పూడ్చినారు, ఆ మనిషి మన్నులో ఉన్నంత కాలం వాన మోడం మీ పొలిమేరలోకి రాదు, తీసి కాల్చండి అనింది. తొన్ను మనిషిని పూడిస్తే వాన పోతాదని మన పెద్దలు ఊరికే అన్లేదు."

"దేవర ఎవురి మీద పూనింది?"

"ఎవురో ఒక ఆడమనిషి. మొగం నిండా పసుపు. ఎవురైతే నీకేం, పలికింది దేవర."

"నాగన్న అని పేరు పెట్టి చెప్పిందా?"

"పేరు చెప్పలే. గింజ ఉండాల్సిన తావులో మనిషి ఉండాడు అనింది. నా మొగం చూసి అనిందమ్మే. వేపాకు నా నెత్తిన దులిపి అనింది."

"గింజ ఉండాల్సిన తావు అంటే ఏంది రెడ్డీ?"

"తెలిసీ అడుగుతాండావు."

"కూలిదాన్ని, నాకేం తెలుస్తాది? నువ్వు చెప్తే తెలుసుకుంటా."

"పాతర. నా దొడ్లో నేల కింద జొన్నలు దాచే పాతర. చాలునా?"

"అది పూడ్చి శానా ఏండ్లాయ గదా. లోపల చెడ్డ గాలి ఉండాది, ఎవురూ దిగొద్దండి అని దాని మీద బండ దొర్లించి, బండ మీద తులసి మొక్క పెట్టిస్తివి. పెద్ద రెడ్డెమ్మ రోజూ నీళ్ళు పోస్తాంటే నేను చూస్తాంటి. నా మొగుడు దాంట్లోకి ఎట్ల పోయినాడు? బళ్ళారికి పొయ్యే దావ అదేనా?"

"నీ నోరు పెద్దదైంది నల్లమ్మా."

"నువ్వు నా గుడిసె కాడికి వచ్చినాక పెద్దదైంది. సరే గాని, ఆరు మందిలో తొన్ను నాగన్నకే అని ఎట్ల తేల్చినావు?"

"తిప్పయ్యను పంపి విచారించినా. ఊర్లో ఆడోళ్ళందరూ ఒకే మాట చెప్పినారు, నాగన్నకే ఉన్నింది అని. వాండ్లు చెప్పినాక నాకూ గుర్తుకొచ్చింది."

"గుర్తుకొచ్చిందా? యాడ ఉన్నింది?"

"ఎడమ మోచేతి కాడ. తెల్లగా, ఇంత. గొంతు కింద గూడా రవ్వంత ఉన్నింది."

"బాగా చూసినావు."

"చూడకేం? పదేండ్లు నా చేన్లో చేసినోడు. నా కండ్ల ముందర చొక్కా లేకుండా తిరిగినోడు."

"అవును. నీ చేన్లో చేసినోడే. పదమూడేండ్ల నాటి ఆ కరువులో ఆరునెల్లు చేసినా ఒక్క గింజ కొలవకపోతివి గాని, చేసినోడే. అందుకే గదా ఏడు మందీ గంపలు పట్టుకోని నీ గడపకు వచ్చింది."

"వాండ్లు పాతర పగలగొట్టేదానికి వచ్చినారు."

"గంపలతోనా? గంపలతో బండ పగులుతాదా? విచారణ దొర కాడ ఆ గంపలు గూడా కొడవండ్లు అయిపోయ. పోనీలే. నేను ఆ పొద్దు మీ పెరట్లో అంట్లు తోముతాంటి. ఎస్సై శ్రీరంగప్ప మీ పడసాలలో కూచోని సంగటి, కోడికూర తింటాండె. బయట అరుపులు విని లేసినాడు. చెయ్యి గూడా కడుక్కోలే. ఎంగిలి చేత్తోనే తుపాకి పట్టినాడు. కానిస్టేబుళ్ళు వద్దు సార్, వద్దు సార్ అంటానే ఉండారు. అంతా అయినాక మళ్ళీ వచ్చి కూచోని, కూర చల్లారింది, వేడిది పొయ్యమను అనె. పోసింది పెద్ద రెడ్డెమ్మ. ఆ ఇస్తరాకు ఎత్తి పారేసింది నేను. అప్పటికి నాకు తెలీదు, వాడు కాల్చిన వాండ్లలో నా మొగుడు ఉండాడని."

"నేను కాల్చమన్లేదు. వాండ్లను బెదిరించమని ఆయప్పకు చెప్పినా, అంతే."

"ఎవురికి చెప్తాండావు ఇది? నాకా, దేవరకా? తిప్పయ్యా, ఏమప్పా అట్ల నేల చూస్తాండావు?"

"నేనేం చెప్పేది నల్లక్కా."

"పాతరలోకి దించింది నువ్వే అంట గదా."

"ఎస్సై చెప్పినాడు, దించినా. దించకుంటే నన్నూ దాంట్లోకే తోసేటోడు."

"నా మొగుణ్ణి ఎట్ల దించినావు? మోకుతాడేసి దించినావా, తోసినావా?"

"మోకేసి దించినా అక్కా. నీ మీద ఒట్టు. అందర్నీ మోకేసే దించినా. కొండప్పను ఒక్కన్నే..."

"తిప్పయ్యా, నోర్ముయ్యి."

"చెప్పనీ రెడ్డీ. కొండప్పకు ఏమాయ?"

"కొండప్ప నీళ్ళడిగినాడక్కా. ఊపిరి ఉన్నింది. సార్, వీడు బతికుండాడు అని చెప్తే, నీళ్ళు లోపల ఉంటాయిలే దించు అని నవ్వినాడు ఎస్సై. నేను చెంబు కోసరం పోయొచ్చేపాటికి ఒక కానిస్టేబులు చేత తోయించేసినాడు."

"నువ్వు యాడుండావు రెడ్డీ అప్పుడు?"

"నేను... లోపలుండా."

"లోపలుండి, వాండ్లు బళ్ళారికి పరిగెత్తేది చూస్తాంటివి."

"ఏం చెయ్యమంటావమ్మే? తుపాకి వాని చేతిలో ఉన్నింది."

"విచారణ నాడు తుపాకి లేదు గదా. ఆ పొద్దు నీ చేతిలో వక్కాకు ఉన్నింది. వాడు నీ పక్కన కూచోని నవ్వుతాండె. వానికి పతకం ఇచ్చినారు, పై పదవి ఇచ్చినారు, టౌనులో మిద్దె కట్టినాడు. ఉగాదికి వస్తే నువ్వు పొట్టేలు కోస్తివి. నాకేమిచ్చినారో చెప్పనా? నేను ఏడ్చి గాజులు పగలగొట్టుకుంటే తెల్లారి శ్రీరంగప్పే నా గుడిసెకొచ్చినాడు. మొగుడు బతికుండంగ గాజులు పగలగొట్టుకుంటావేమే, పారిపోయినోని పెండ్లానివి, ఏడ్చేదేంటికి అని, కానిస్టేబులు చేత గాజులు తెప్పించి తొడిగించినాడు. ఇవే. చూడు. పగిలిన కాడికల్లా మళ్ళీ తొడిగించినారు."

"తెలుసు."

"నీకు తెలిసేది సగమే. దినాలు చెయ్యనీలే. పిడికెడు మన్ను వెయ్యనీలే. దసరా వచ్చిందంటే కానిస్టేబులు వచ్చి, నీ మొగుడు ఇంటికొచ్చిపోతాండాడా అని బానలు తన్ని చూస్తాడు. పేరంటాలకు పిలిచేవాళ్ళు నాకు కుంకం పెట్టల్లనా వద్దా అని ఒకరి మొగం ఒకరు చూసుకుంటారు. ఈ ఊర్లో అందరికీ తెలుసు, నేను ముండమోసినదాన్ని అని. ఒక్కరి నోట్లోంచి రాలే. నాకు వాన వద్దు రెడ్డీ. నా మొగుడు చచ్చినాడు అని ఒకరు చెప్తే చాలు."

"సరే. చచ్చినాడు. నేనే చెప్తాండా. ఇంగ వస్తావా లేదా? ఇంటి మనిషి మొదటి గడ్డపార వెయ్యల్లని చెప్పింది దేవర. లేకుంటే నీ గడపకు నేనెందుకొస్తా?"

"దేవర ఇంగా ఏం చెప్పింది?"

"పూడ్చినోడే నిలబడి పేరు పెట్టి పిలవల్ల అంట. తప్పెట మోగల్ల, ఊరంతా చూడల్ల అంట. ఊరంతా ఎందుకులే, మావాళ్ళు నలుగురుంటే చాలు, తెల్లారకముందే..."

"నలుగురు చూస్తే నాలుగు చినుకులే పడతాయేమో. నీ ఇష్టం."

"అట్లంటావా?"

"నేనేమీ అన్లే. అనింది దేవర. నువ్వు యా నాగన్నను తీస్తావు?"

"తొన్ను మనిషిని తీసి, కడమవి అట్లనే ఉండనీ..."

"ఎముకలకు తొన్ను ఉంటాదా రెడ్డీ? ఆరు మందిలో నాగన్న ఎవురో ఎట్ల కనుక్కుంటావు?"

"...అందర్నీ తియ్యల్లనా?"

"అందర్నీ. పేరు పేరునా పిలిచి."

"పోనీ, అదీ మంచిదే. కాలిస్తే బూడిద. ఆ పీడ నా దొడ్లో నుంచి పోతాది. అడిగేవాడు గూడా ఉండడు."

"శ్రీరంగప్పకు చెప్పినావా?"

"ఆయప్పకెందుకు? జీపెక్కి పోయినాడు ఆయప్ప. పాతర పక్కన పండుకుండేది నేను. కట్ట పని చూసే ఆ కరువుపని దొర గూడా శనివారం దాకా రాడంట. రేపే కానిద్దాం."

"రేపేనా? వస్తా. గడ్డపార మీదే తెచ్చుకో."

మర్నాడు పొద్దెక్కేసరికి రెడ్డి దొడ్లో తప్పెట మోగి, బండ పక్కకు దొర్లి, పాతర నోరు తెరిచింది. చెరువుకట్ట పని వదిలేసి చుట్టుపక్కల ఊళ్ళ కూలీలంతా వచ్చి చుట్టూ నిలబడ్డారు. పైకి తీసిన ఎముకలు గోనెపట్టాల మీద ఉన్నాయి.

"ఇంగొక పేరు మిగిలింది రెడ్డీ. పిలువు."

"గొంతు పోయింది నల్లమ్మా. అయిదు మందిని పిలిస్తి గదా."

"ఆరోవాడే నీకు కావల్సినోడు. వాన వాని కాడే ఉండాది."

"నాగన్నా, లేసి రాప్పా."

"నేను వినలే."

"కూలి నాగన్నా, నా పాతరలోంచి లేసి రాప్పా! చాలునా?"

"చాలు. ఊరంతా వినింది. తిప్పయ్యా, ఆ రాయి ఇట్ల ఇయ్యి. గాజులు పగలగొట్టుకోవల్ల."

"తర్వాత చేసుకుందువు గానీ ఉండు. నిప్పు బిన్నా తెమ్మను, తొందరగా... ఆ టోపీ మనిషి ఎవురు? తిప్పయ్యా, ఎవురప్పా ఆ వచ్చేది?"

"కరువుపని దొర, సామీ."

"శనివారం గదా రావల్సింది! ఎవురు పిలిచినారు?"

"దొర పక్కన నడిచి వస్తాండాదే, ఆయమ్మ పోయి పిల్చుకొచ్చింది రెడ్డీ."

"ఎవురాయమ్మ?"

"గుర్తు పట్టలేదా? జాతరలో నీ నెత్తిన వేపాకు దులిపిన మనిషి. చౌడమ్మ. నీళ్ళడిగిన కొండప్ప పెండ్లాం."

"...ఏమంటాండావు?"

"పసుపు పూసుకోనుంటే కనుక్కోలేకపోతివి. పూసుకోకున్నా నువ్వు కనుక్కోవులే. మా మొగాలు నువ్వెప్పుడు చూసినావు?"

"నల్లమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా. దొర అడిగితే పాతకాలం ఎముకలని చెప్పు. గత్తర జబ్బొచ్చి చచ్చినోళ్ళని చెప్పు."

"గత్తరొస్తే పుర్రెకు బొక్క పడతాదా? నడిజాములో కాదు, ఇంత పొద్దెక్కినాక, ఇంతమంది ముందర, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచింది నువ్వు. నేను పిలవలే."

"అది వాన కోసరం! తొన్ను మనిషి కోసరం! చౌడమ్మ దొంగ పూనకం పూనినా, తొన్ను మాట నిజమే గదా! ఎడమ మోచేతి కాడ తెల్లగా... నా కండ్లతో చూసినా గదా నేను!"

"నా మొగుని ఒంటి మీద తొన్ను ఎప్పుడూ లేదు రెడ్డీ. ఆరు మందీ బళ్ళారికి పరిగెత్తంగ చూసినావే, ఆ కండ్లతోనే చూసింటావు."